ఇవ్వడానికి వెళ్లిన చెల్లెలు

కిందటి వారం భాగంలో ఆమెను ఆసుపత్రి ఆవరణలో వదిలి వచ్చాం. డ్రైవింగ్ నేర్పే కారులో, బండి స్టార్టు చేయకుండా, స్టీరింగ్ మీద రెండు చేతులూ ఆనించి కూర్చుని ఉంది. అన్నయ్యకు తన కిడ్నీ ఒకటి ఇస్తానని ముందుకొచ్చిన చెల్లెలు ఆమె. రక్తం గ్రూపు కలిసిందని తెలిసినప్పుడు చిన్నపిల్లలా సంబరపడింది. ఆ సంబరంలోనే, మిగిలింది ఏదో లాంఛనమన్నట్టు, కడుపు స్కాన్‌కు వెళ్లి బల్లమీద పడుకుంది. కాసేపటికి డాక్టరమ్మ తెరను ఆమె వైపు తిప్పింది. అన్నయ్య కిడ్నీలను లోలోపల తినేసిన నీటితిత్తుల్లాంటివే, ఇంకా చిన్నచిన్నవి, ఆమె రెండు కిడ్నీల్లోనూ ఉన్నాయి.

"మీరు ఇవ్వడానికి లేదమ్మా" అంది డాక్టరమ్మ. "ఇది వంశంలో నడిచే జబ్బని మీకు ముందే చెప్పాను. తల్లికో తండ్రికో ఉంటే, పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చేందుకు సగం, రాకుండా పోయేందుకు సగం అవకాశం. మీ అన్నయ్యకు వచ్చింది. మీకూ వచ్చింది."

చెప్పిన మాట నిజమే. ముందే చెప్పింది. ఈమే చెవిన పెట్టలేదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పక్క సీట్లో కూర్చుని కొత్తవాళ్ల చేత బండి నడిపించే మనిషి, జలుబు చేసినా ఒక్కరోజు పాఠం మాననిది, తనకు జబ్బేమిటి అనుకుంది.

"అయితే భయపడాల్సిందేం లేదు" అని డాక్టరమ్మే మళ్లీ అందుకుంది. "మీ కిడ్నీలు ఇప్పటికి బాగానే పనిచేస్తున్నాయి. బీపీ మాత్రం ఎక్కువగా ఉంది. దాన్ని అదుపులో పెట్టుకోవాలి. ఉప్పు బాగా తగ్గించండి. నొప్పి మాత్రలు మీ అంతట మీరు వేసుకోవద్దు. నీళ్లు బాగా తాగండి. ఏడాదికోసారి తప్పకుండా వచ్చి చూపించుకోండి. ఈ జబ్బున్న అందరికీ డయాలసిస్ దాకా రాదు. మీది ముందుగా తెలిసింది. అది చిన్న విషయం కాదు."

అన్ని మాటల్లోనూ ఆమె మనసు 'నీళ్లు' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. అక్కడ అన్నయ్య, తాగిన నీరు ఒంట్లోంచి బయటికి పోక, రోజంతటికీ ఒక చిన్న సీసాడు నీళ్లతో సరిపెట్టుకుంటూ, నాలుక పిడచకట్టుకుపోతుంటే ఐసుముక్క బుగ్గన పెట్టుకుని తన బేకరీలో ఓవెన్ ముందు నిలబడుతున్నాడు. ఇక్కడ తనను కడుపారా తాగమంటున్నారు. జబ్బు ఒక్కటే. ఒకరికి మొదట్లో దొరికింది, ఒకరికి చివర్లో దొరికింది. అంతే తేడా.

చివరికి ఎలాగో బండి కదిలించింది. దారిలో ఒకే ఒక్క నిర్ణయం తీసుకుంది. ఈ సంగతి అన్నయ్యకు చెప్పకూడదు.

ఎందుకంటే ఆయన తన జబ్బును తట్టుకున్నాడు గాని, ఈమె జబ్బును తట్టుకోలేడు. నాన్న ఒకరోజు పనిలోనే తలపట్టుకుని కూలబడి, మళ్లీ లేవలేదు. బీపీ అన్నారు, మెదడులో నరం చిట్లిందన్నారు. అంతకు మించి ఎవరూ ఆరా తీయలేదు. అప్పటికి మీసాలు సరిగ్గా రాని అన్నయ్య బేకరీలో పనికి కుదిరి, చెల్లెల్ని పక్కనే పిండి బస్తా మీద కూర్చోబెట్టుకుని చదివించాడు. ఆ బేకరీయే తర్వాత ఆయనదైంది. ఆమెకు పెళ్లయి ఇద్దరు ఆడపిల్లలు పుట్టినా ఆయన నోట ఇంకా 'పిచ్చుకా' అన్న పిలుపే.

బేకరీ వెనక రెండు గదుల ఇల్లు. మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగిన వేళ. ఆమె అడుగు పెట్టేసరికి అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని ఉన్నాడు. నిన్ననే డయాలసిస్ అయింది, ఇవాళ మొహం కొంచెం తేటగా ఉంది. ఎడమచేతి మణికట్టు పైన, సూదులు గుచ్చడానికి వీలుగా రక్తనాళాలు కలిపి కుట్టినచోట, తాడు ముడిలా ఉబ్బి కనిపిస్తోంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. అందుకని దాన్ని పసిపిల్లను పడుకోబెట్టినట్టు ఒళ్లో పెట్టుకుంటాడు.

వదిన ఎదురొచ్చింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో అప్పుడే ఓవెన్‌లోంచి తీసిన ఉప్పు బిస్కెట్లు. ఆడపడుచుకు అవంటే ప్రాణమని ఆమెకు తెలుసు.

"ఏమన్నారు? ఆపరేషన్ ఎప్పుడన్నారు?"

ఆమె పళ్లెం వైపు చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. "కుదరదు వదినా."

"కుదరకపోవడమేంటి? గ్రూపు కలిసింది కదా!"

"కలిసింది. కానీ..." దారి పొడుగునా అల్లుకుంటూ వచ్చిన అబద్ధం తీరా నోటిదాకా వచ్చేసరికి ముల్లులా అడ్డం తిరిగింది. ఎలాగో బయటికి నెట్టింది. "నాకే ధైర్యం చాల్లేదు. ఆపరేషన్ అంటే భయమేసింది. ఇవ్వనని చెప్పి వచ్చేశాను."

వదిన ఒక్కక్షణం అర్థం కానట్టు చూసింది. పళ్లెం బల్ల మీద పెట్టింది. పెట్టడం కాదు, విసిరినంత పని చేసింది.

"భయమేసిందా? నీకా? ఎవరో కుర్రాడు బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కితే పక్క సీట్లో కూర్చుని నవ్వే దానివి, నీకు భయమేసిందా? రోజు విడిచి రోజు ఈయన్ని అక్కడ సూదులకు అప్పగించి, బయట కూర్చుని గోడలు లెక్కపెడుతున్నదాన్ని నేను. ఇస్తావా అని నిన్ను అడిగానా? ఈయన అడిగాడా? నీ అంతట నువ్వే వచ్చి ఇస్తానన్నావు. ఆశ పెట్టావు. ఇకనుంచైనా ఈయన పూర్తిగా ఒక గ్లాసుడు నీళ్లు తాగుతాడని కలలు కన్నాను. ఇప్పుడొచ్చి భయమేసిందని చల్లగా చెప్తున్నావా?"

"ఇక చాలు, ఆపు" అన్నాడు అన్నయ్య. గొంతు పెంచలేదు. "దాని ఒళ్లు, దాని ఇష్టం. ఇవ్వకపోతే చెల్లెలు కాకుండా పోతుందా?"

"మీరు ఊరుకోండి. మీకు ఎవరిమీదా కోపం రాదు. ఆ కోపమంతా నేనొక్కదాన్నే పడాలి!"

ముందు దుకాణంలో ఎవరో గంట కొట్టారు. వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుని వెళ్లింది. తెర అవతలి నుంచి ఆమె గొంతు మామూలుగా వినిపించింది. "మెత్తటి బన్నులా, గట్టివా?" ఆ మామూలు గొంతు వింటుంటే, తిట్లకంటే అదే ఎక్కువ గుచ్చుకుంది చెల్లెలికి.

"పిండి పొంగిందేమో చూద్దాం, రా" అన్నాడు అన్నయ్య.

వంటగదికి అవతల బేకరీ పనిగది. గోడ పొడుగునా బ్రెడ్డు కాల్చే రేకుల వరసలు, మధ్యలో పొడుగాటి బల్ల, మూల ఓవెన్. సాయంత్రం బ్రెడ్డుకు కలిపిన పిండి తడిగుడ్డ కింద పొంగి ఉంది. పనివాళ్లు పిసికే పిండే అయినా చివరిసారి మాత్రం ఆయన చెయ్యి తగలాల్సిందే. గుడ్డ తీసి, కుడిచేతి వేళ్లతో పిండిని నొక్కి చూశాడు. నొక్కినచోట గుంట మెల్లగా పూడుకుంది.

"నీకూ ఉంది కదూ?" అన్నాడు, పిండి మీదినుంచి తల ఎత్తకుండానే.

"ఏముంది?"

"బుద్ధెరిగిన నాటినుంచి నువ్వు ఉప్పు బిస్కెట్ల పళ్లెం వైపు చాచిన చెయ్యి ఖాళీగా వెనక్కి రావడం నేను చూడలేదు. ఇవాళ చూశాను. ఆ చెయ్యి అలా ఎప్పుడు వెనక్కి వస్తుందో నాకు తెలియదా పిచ్చుకా? నాది రోజూ అలాగే వస్తోంది."

ఇక ఆమె వల్ల కాలేదు. బల్ల అంచు పట్టుకుని, తల ఊపింది.

అన్నయ్య ఏడవలేదు. అరవలేదు. చేతి పిండి దులుపుకుని, పక్కనున్న బస్తా మీద మెల్లగా కూర్చున్నాడు. అడిగినప్పుడు మాత్రం, ఈ జబ్బుతో కాపురం చేసినవాడు అడిగే ప్రశ్నే అడిగాడు.

"క్రియాటినిన్ ఎంతుంది?"

"మామూలుగానే ఉందన్నారు. రక్తంలో చెత్త పేరుకోలేదట. కిడ్నీలు పనిచేస్తున్నాయట."

"బీపీ?"

"ఎక్కువుంది. మాత్ర రాశారు."

"వేసుకున్నావా?"

"ఇంకా లేదు."

"ఇంకా లేదట!" అని విసుక్కున్నాడు. "నీళ్లు? తాగమన్నారా, తగ్గించమన్నారా?"

ఆమె చూపు తిప్పేసుకుంది. అందులోనే ఆయనకు జవాబు దొరికింది. లేచాడు. పనివాళ్ల కోసం మూలన పెట్టిన కుండ దగ్గరికి వెళ్లాడు. తను ఆ దరిదాపులకు వెళ్లడం మానేసి చాలాకాలమైంది. పెద్ద గ్లాసు తీసి, అంచుదాకా ముంచి, తొణక్కుండా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"తాగు."

"అన్నయ్యా, నీ ముందు ఎలా..."

"నా ముందే తాగాలి. నేను చూడాలి."

ఆమె తాగింది. నీళ్లు చల్లగా గొంతు దిగుతుంటే కళ్లు మాత్రం కాలిపోయాయి. ఆయన ఎదురుగా నిలబడి, అడుగున చుక్క మిగలకుండా అయ్యేదాకా చూస్తూనే ఉన్నాడు. తర్వాత పెదవులు తడుపుకుని, "బాగున్నాయా?" అని అడిగాడు. పండగనాడు మిఠాయి పెట్టి అడిగినట్టు ఉంది ఆ అడగడం.

ఆమె గ్లాసు కింద పెట్టి కళ్లు తుడుచుకుంది. ఇప్పుడిక దాచడానికేం మిగల్లేదు గనక, దారంతా తనను కొరుక్కు తిన్న రెండో మాట బయటికొచ్చింది.

"చిన్నోడి సంగతేంటి?"

చిన్నోడంటే అన్నయ్య కొడుకు. పేరుకే చిన్నోడు. భవనాల్లో లిఫ్టులు బిగించే పనిలో చేరి చాన్నాళ్లయింది.

అన్నయ్య మొహం గడియ పెట్టిన తలుపులా అయిపోయింది. "వాడి జోలికి వెళ్లకు."

"డాక్టరమ్మ మొదటిరోజే నీకు చెప్పింది కదా, వాడికీ స్కాన్ చేయించమని."

"చెప్పింది. నేనే వద్దనుకున్నాను. వాడి నెత్తిన ఇప్పుడే ఈ బండ ఎందుకే? తెలిస్తే రోజూ బిక్కుబిక్కుమంటూ బతుకుతాడు. తెలియకపోతే ఉన్నన్నాళ్లు నవ్వుతూ తిరుగుతాడు. మందేస్తే పోయే జబ్బా ఇది, ముందుగా తెలిసి ఉద్ధరించడానికి?"

"నువ్వూ నవ్వుతూనే తిరిగావు అన్నయ్యా" అంది ఆమె. గొంతులో కోపం లేదు, అంతకంటే కష్టమైనదేదో ఉంది. "తలనొప్పికి మాత్రలు మింగుతూ నవ్వావు. నడుం నొప్పంటే బస్తాలు మోసినందుకని, మళ్లీ మాత్రలు మింగి నవ్వావు. కాళ్లు ఉబ్బితే పొయ్యి దగ్గర నిలబడినందుకని నవ్వావు. ఒక్కసారైనా బీపీ చూపించుకున్నావా? అన్నం సహించక, ఊపిరాడక మంచానపడ్డాక గదా ఆసుపత్రికి తీసుకెళ్లాం. అప్పటికి అయిపోయింది. బండిలో ఎర్రదీపం వెలిగితే మీద గుడ్డ కప్పి నడిపేవాణ్ణి ఏమంటాం?"

"నీకు బండి తప్ప వేరే లోకం లేదు" అన్నాడు ఆయన. నవ్వబోయాడు గాని కుదరలేదు.

"పోయే జబ్బు కాదు, ఒప్పుకుంటాను. కానీ మెల్లగా నడిపించొచ్చట. బీపీ పట్టుకుంటే, ఉప్పు తగ్గిస్తే, అడ్డమైన మాత్రలూ మింగకపోతే ఏళ్లకేళ్లు ఆపొచ్చట. నీకు ఆ ఏళ్లు ఎవరూ ఇవ్వలేదు. చిన్నోడికి నువ్వు ఇవ్వొచ్చు. వాడికి లేదనే తేలొచ్చు కూడా. సగానికి సగం."

"ఉందని తేలితే?" అన్నాడు అన్నయ్య. "వాడి మొహం చూసి ఏం చెప్పనే? నేను వాడికి ఇచ్చిందేమిటంటే ఇదిరా అని చెప్పనా?"

అదీ అసలు సంగతి. ఇన్నాళ్లూ వదినకు కూడా చెప్పని సంగతి.

ఆమె వెళ్లి ఆయన పక్కన బస్తా మీద కూర్చుంది. "నాన్న నుంచేగా మనకొచ్చింది. నాన్న మీద నీకు కోపముందా?"

"నాన్న మీదా? ఛ! ఆయనకేం తెలుసు పాపం."

"ఆయనకు తెలియదు" అంది ఆమె మెల్లగా. "నీకు తెలుసు."

అన్నయ్య కుట్లున్న చేతిని కుడిచేత్తో పట్టుకుని, అందులో రక్తం జుమ్మని పోతుంటే వేళ్లకు తగిలే అదురును వింటున్నట్టు తల వంచుకుని కూర్చున్నాడు. తడిగుడ్డ కప్పని పిండి మీద సన్నగా పొర కడుతోంది. ఏ రోజూ అలా కానిచ్చే మనిషి కాదు.

ఆ గుడ్డ కప్పింది వదిన. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. ఖాళీ రేకులు పెట్టడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయినట్టుంది. ఇంకా చంకలో రేకులు అలాగే ఉన్నాయి. వాటిని బల్ల మీద దించి, పిండిమీద గుడ్డ సర్ది, ఆడపడుచు ఎదురుగా వచ్చి నిలబడింది.

"నా చేత ఎన్నేసి మాటలనిపించావే!" అంది. "నోరు విప్పి ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వు ఇంత బాగా తిడతావని తెలియక" అంది ఆమె.

వదిన నవ్విందో ఏడ్చిందో గాని, ఆమె తలను తన కడుపుకేసి అదుముకుంది. ఆ కొంగు నిండా ఈస్టు వాసన. "క్షమించమని అడగను. రేపు నువ్వు మాత్ర వేసుకోకపోతే మళ్లీ ఇంతకింత తిడతాను" అంది. ఆ చెయ్యి తీయకుండానే మొగుడి వైపు తిరిగింది. "చిన్నోడికి చెప్పాల్సిందేనండీ. మీరు చెప్పలేకపోతే నేను చెప్తాను. నాకు కొడుకు నవ్వడం కావాలి. బతికుండటం అంతకంటే కావాలి."

"నేనే చెప్తాను" అన్నాడు అన్నయ్య. "ఇవాళే. వాడు రానీ."

చెప్తానన్నాడే గాని, ఆ సాయంత్రం ఆయన పడిన యాతన చూడాలి. ఓవెన్‌లోకి రేకులు నెడుతూ ఏదో గొణుక్కునేవాడు. మధ్యలో ఆగి "అలా కాదు" అని తల అడ్డంగా ఊపేవాడు. ఐసుముక్క నోట్లో వేసుకుని అది కరిగిపోయినా తెలియక దవడ ఆడిస్తూనే ఉన్నాడు. వదిన ఇద్దరు కొనుగోలుదారులకు ఒకరి బ్రెడ్డు ఒకరికిచ్చి పంపింది. చెల్లెలు ఇంటికి ఫోన్ చేసి, ఆలస్యమవుతుందని మాత్రం చెప్పింది. తన ఇద్దరు ఆడపిల్లల గొంతులూ ఫోన్లో ఒకదానిమీద ఒకటి పడి వినిపిస్తుంటే, వీళ్లకు చెప్పాల్సిన రోజు కూడా ఒకటుంది కదా అనుకుంది. అన్నయ్యకు చెప్పినంత తేలిగ్గా ఆ మాట తనకు తను చెప్పుకోలేకపోయింది.

చిన్నోడు వచ్చాడు. పనిముట్ల సంచి గుమ్మం పక్కన దించి, గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని, "అత్తా! ఏంటి, ఇవాళ పాఠాల్లేవా?" అన్నాడు. ముగ్గురి మొహాలూ చూశాక ఆ నవ్వు సగంలోనే ఆగింది.

"కూర్చోరా" అన్నాడు తండ్రి.

కూర్చున్నాడు. అన్నయ్య సాయంత్రమంతా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. నాన్న దగ్గర మొదలెట్టి, ఓవెన్ దగ్గరికొచ్చి, మధ్యలో నొప్పి మాత్రల్లోకి వెళ్లి, తడబడి, మళ్లీ మొదటికొచ్చాడు. చివరికి అవన్నీ వదిలేసి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నాకున్న జబ్బు మీ తాత దగ్గర్నుంచి వచ్చింది. మీ అత్తకీ ఉందని ఇవాళ తేలింది. అందుకే అది నాకు కిడ్నీ ఇవ్వలేదు. నా నుంచి నీకూ వచ్చి ఉండొచ్చు, రాకపోయీ ఉండొచ్చు. నీకు స్కాన్ చేయించమని డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. నేనే దాచాను. నీ మొహం చూసి చెప్పలేక దాచాను. అది తప్పురా."

చిన్నోడు తన అరచేతుల్లోకి చూసుకుంటున్నాడు. గ్రీజు గీతల మీద బొటనవేలితో మళ్లీ మళ్లీ రుద్దుతున్నాడు. తండ్రి మీద అరుస్తాడేమోనని వదిన ఒక అడుగు ముందుకేసింది.

"నాకు తెలుసు నాన్నా" అన్నాడు వాడు.

"ఏం తెలుసు?"

"ఇది వంశంలో వస్తుందని. నిన్ను మొదటిసారి డయాలసిస్‌కి లోపలికి తీసుకెళ్లినప్పుడు నేను బయట నర్సునడిగాను. అన్నీ చెప్పింది. మీరు నా దగ్గర ఆ మాటెత్తకపోతే, మీకు వినే ఓపిక లేదేమో అనుకున్నాను. నేనూ ఎత్తలేదు." తల ఎత్తి తండ్రిని సూటిగా చూశాడు. "స్కాన్ చేయించుకున్నాను. చాన్నాళ్లయింది."

అన్నయ్య లేవబోయి, కుర్చీ చెయ్యి దొరక్క, మళ్లీ కూలబడ్డాడు.

"ఏమన్నార్రా?"

వాడు కుర్చీ జరుపుకుని అత్త వైపు తిరిగాడు. చెల్లెలు ఆ కళ్లలోకి చూసింది. ఎన్నాళ్లనుంచో ఒక్కడే మోస్తున్నదాన్ని దించే చోటు కోసం చూస్తున్నవాడి కళ్లలా ఉన్నాయవి.

"అత్తా, డాక్టరమ్మ ఇవాళ నీకేం చెప్పిందో ముందు అది చెప్పు" అన్నాడు. "ఒక్క మాట కూడా వదలొద్దు."